ఇంపోర్ట్ దారుల గురించి పాపకు

ఐరాల,
చిత్తూరు జిల్లా.

పాపా,

నీ మెసేజి చూసినా. ఫోనులో రెండు ముక్కలు చెప్పి వదిలేసే సంగతి కాదని ఉత్తరం రాస్తా ఉండా. తీరిగ్గా చదువుకో.

నీ కోపం అర్థమైంది. ప్రోగ్రాము నడుస్తా ఉంది, టెస్టులన్నీ పాసవుతున్నాయి. అయినా ఇంపోర్ట్ వరసలో ../../../ అని ఉందని, కోడును తనిఖీ చేసే లింటర్ ఎర్ర గీత గీసింది. రివ్యూ చేసిన అన్న మార్చమన్నాడు, మార్చినావు. మరునాటికి ఆ నియమాన్ని టీమంతటికీ అమలు చేసే పని కూడా నీ నెత్తినే పెట్టినారు. 'చేరి ఆర్నెల్లు కాలేదు, నాకిచ్చే పని ఇదా చిన్నమ్మా' అన్నావు. నన్నడిగితే కొత్తగా చేరినవాళ్ళకు ఇయ్యాల్సింది ఇదే. ఈ వంకతో కోడులో ప్రతి మూలా తిరుగుతావు, ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉండారో నీకు తెలిసినంతగా నీ మేనేజరుకు కూడా తెలియదు.

ముందు 'నడుస్తా ఉంది కదా' అన్న నీ మాట సంగతి తేల్చుకుందాం. ఒకే ఫైలును ఇద్దరు రెండు రకాల దారులతో పిలిస్తే చూపుకు బాగుండదు, అంతే కదా అని నువ్వు అనుకుంటున్నావు. చూపు సంగతి వదిలేయ్, పనే తప్పుతుంది.

మీ డెయిరీ ప్రాజెక్టులో సర్వరు పక్క కోడు జాంగోలో ఉందన్నావు, దాన్నుంచే మొదలుపెడతా. పైథాన్ ఒక మాడ్యూల్‌ను మొదటిసారి ఇంపోర్ట్ చేసినప్పుడు దాన్ని నడిపి, సిస్.మాడ్యూల్స్ అనే పట్టికలో దాచుకుంటుంది. ఆ తర్వాత ఎవరడిగినా పట్టికలోంచి తీసిస్తుంది. ఆ పట్టికలో రాసుకునేది నువ్వు పిలిచిన పేరు. ఫైలు డిస్కులో యాడుందో దానికి పట్టదు. ఒకే ఫైలును ఒకరు 'డెయిరీ.పాలు.సిగ్నల్స్' అనీ, ఇంకొకరు ఉత్త 'పాలు.సిగ్నల్స్' అనీ పిలిచి, రెండు పేర్లూ దొరికే ఏర్పాటు ఉందనుకో, పైథాన్ లెక్కలో అవి రెండు మాడ్యూళ్ళు. ఫైలు రెండుసార్లు నడుస్తుంది. లోపలున్న ఒక్క క్లాసు రెండవుతుంది. ఒకదాని ఆబ్జెక్టును తెచ్చి 'ఇది ఆ క్లాసుదేనా' అని ఇంకోదాన్ని అడిగితే కాదంటుంది. ఒక పేరుతో లేచిన ఎక్సెప్షన్‌ను ఇంకో పేరుతో పట్టబోతే దొరకదు. సిగ్నల్‌కు తగిలించిన ఫంక్షన్ రెండుసార్లు తగులుకుని, పాలు పోసిన రైతుకు ఒకే మెసేజి రెండుసార్లు పోతుంది. నువ్వేమో మెసేజి పంపే కోడులో తప్పు వెతుకుతా కూర్చుంటావు.

ఇది నేను భయపెట్టడానికి అల్లిన కథ కాదు. జాంగోలోనే 2012 మార్చిలో 1.4 వచ్చేదాకా కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే మేనేజ్.పై ఫైలు ప్రాజెక్టు ప్యాకేజీ లోపలే పుట్టేది. అది ప్రాజెక్టు ఫోల్డరునూ దాని పై ఫోల్డరునూ రెంటినీ వెతుకుడు దారిలో పెట్టేది. అందుకే ప్రాజెక్టు పేరు ముందు పెట్టినా, పెట్టకపోయినా ఇంపోర్ట్ నడిచేది. లాప్‌టాప్‌లో నడిచింది సర్వర్‌కు ఎక్కించగానే పడిపోయేది, ఎందుకంటే అక్కడ ఆ రెండో దారి ఉండదు. 1.4లో ఆ ఫైలును ఒక మెట్టు పైకి, ప్యాకేజీ బయటికి జరిపినారు. పాత ప్రాజెక్టులవాళ్ళు రెండు రకాల ఇంపోర్ట్‌లలో ఏదో ఒకటి ఎంచుకుని కోడంతా దానికి మార్చుకోవాల్సి వచ్చింది. నడుస్తా ఉందన్న కోడే అది కూడా.

నోడ్‌లో తీరు వేరు. అది ఫైలు అసలు చిరునామా కనుక్కుని దాన్నే గుర్తు పెట్టుకుంటుంది, కాబట్టి ../ లతో వచ్చినా అలియాస్ అనే మారుపేరుతో వచ్చినా మామూలుగా ఒకే మాడ్యూల్ చేతికొస్తుంది. అక్కడి చిక్కు ఇంగ్లీషు అక్షరాల పెద్దబడి, చిన్నబడి. ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలైతే, ఇంపోర్ట్‌లో చిన్న అక్షరం రాసినా విండోస్‌లో దొరుకుతుంది, చాలా మ్యాక్‌లలోనూ దొరుకుతుంది. బిల్డ్ చేసే లినక్స్ మిషనులో దొరకదు. దానికంటే పాడు సంగతి ఇంకొకటుంది: ఒక చోట పెద్దక్షరం, ఇంకో చోట చిన్నక్షరం రాస్తే, ఫైలు ఒకటే అయినా నోడ్ రెండు మాడ్యూళ్ళుగా తెచ్చిపెట్టవచ్చు. ఈ ప్రమాదం నోడ్ సొంత డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. టైప్‌స్క్రిప్ట్‌లో దీన్ని పట్టే సెట్టింగు చాన్నాళ్ళుగా ఉంది, 2023లో వచ్చిన 5.0 నుంచి అడగకుండానే పని చేస్తుంది. మన తెలుగు అక్షరాల్లో పెద్దా చిన్నా లేవు కాబట్టి ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టుకుంటే ఈ బాధ తప్పేది. (కాకపోతే అప్పుడు కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ దూరి వేరే తలనొప్పి తెచ్చేది. తెలుగు టైపు చేసేవాళ్ళను అడుగు, చెప్తారు.)

ఈ పెద్దక్షరం, చిన్నక్షరం చిక్కే గో భాషలోనూ వచ్చింది. అక్కడ లాగ్రస్ అని లాగులు రాసే లైబ్రరీ ఒకటి ఉంది, ఊరంతా వాడతారు. గోలో లైబ్రరీ పేరంటే దాని గిట్‌హబ్ చిరునామానే. ఆ లైబ్రరీ రాసినాయన గిట్‌హబ్ పేరు మొదట్లో పెద్ద ఎస్‌తో ఉండేది, తర్వాత చిన్న ఎస్ అయింది. ఒక్క అక్షరం. నీ ప్రాజెక్టు చిన్న ఎస్‌తో పిలుస్తుంది, నువ్వు వాడే ఇంకో లైబ్రరీ లోపల పెద్ద ఎస్‌తో పిలుస్తుంది, గో కమాండు రెండు ఇంపోర్ట్‌లు ఢీకొంటున్నాయని చెప్పి బిల్డ్ ఆపేస్తుంది. 2017లో ఎన్ని ప్రాజెక్టులు దీంతో నిలిచిపోయినాయో. డాకర్ కోడు మీద ఆధారపడినవాళ్ళకూ తగిలింది. నీ ఇంట్లో నువ్వు సరిచేసుకుంటే చాలదు, నువ్వు వాడే ప్రతి లైబ్రరీవాళ్ళూ సరిచేసుకునేదాకా ఆగాల. ఈ చిక్కును గో భాష కర్తలు ముందే కొంత ఊహించినారు. ఈ ప్యాకేజీని ఈ దారితోనే పిలవాలని ఫైల్లోనే రాసుకునే వీలు 2014లో 1.4తో ఇచ్చినారు. ఇప్పుడైతే గో.మాడ్ ఫైల్లో మొదటి వరసే ఆ మాట చెప్తుంది.

సరే, ఒకే దారి ఉండాల. ఏ దారి? ఇక్కడే టీముల్లో కొట్లాటలు. ఉన్న చోటు నుంచి లెక్కపెట్టే ../ మేలా, ప్రాజెక్టు మొదలు నుంచి పూర్తిగా రాసే పాత్ మేలా?

మనూరి చిరునామా తీసుకో. చిత్తూరు నుంచి వచ్చేవాళ్ళకు 'బస్టాండు కాడ దిగి ఎడమ పక్క రెండో వీధి' అంటాం. అదే మాట అవతలి పక్క నుంచి వచ్చేవాళ్ళకు చెప్తే ఊరు దాటిపోతారు. ../ దారి అట్లాంటిది, చెప్పేవాడు యాడ నిలబడి ఉండాడో తెలిస్తేనే పనికొస్తుంది. ఫైలును ఇంకో ఫోల్డరుకు జరిపితే అందులోని దారులన్నీ తప్పవుతాయి. అయితే పూర్తి చిరునామాకు లోటు లేదనుకోవద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు పీలేరు చిత్తూరు జిల్లాలోంచి అన్నమయ్య జిల్లాలోకి పోయింది. మీ పెద్దమ్మ వాళ్ళ ఇల్లు అంగుళం కదల్లేదు, కాగితాల మీద పైనున్న ఒక్క పేరు మారింది. బ్యాంకులో, ఆధార్‌లో రాసిన పూర్తి చిరునామాలన్నీ పాతబడినాయి. పీలేరు బస్టాండు నుంచి వాళ్ళింటికి చెప్పే దోవ మాత్రం ముందు ఎట్లుండెనో అట్లనే ఉండె. కోడులో కూడా ఇంతే. పైనున్న ప్యాకేజీ పేరు మారితే పూర్తి దారులన్నీ మారాల, లోలోపల ఒకరినొకరు పిలుచుకునే చిన్న దారులు నిలుస్తాయి.

అందుకే నేను పెట్టే నియమం రెండూ కలిపింది. ఒకే ఫోల్డరు లోపల, లేదా ఒకే ఫీచరు లోపల ఉండేవాళ్ళు ./ తో పిలుచుకోవచ్చు. ఆ గడప దాటి బయటివాళ్ళను పిలవాలంటే పూర్తి దారే. పైథాన్ వాళ్ళ పెప్ 8 కూడా పూర్తి దారినే ముందు పెట్టి, చుక్కతో రాసే దారిని ఒప్పుకుంటుంది. మీ టీము అంతా ఒకటే పద్ధతి, ఎక్కడైనా పూర్తి దారే అంటే దానికీ నాకు అభ్యంతరం లేదు. నియమం రెండు ముక్కల్లో చెప్పగలిగితే చాలు. చెప్పడానికి అరపేజీ కావాలంటే ఎవడూ పాటించడు.

దీన్ని మనుషులు కాపలా కాయలేరు. రివ్యూలో 'ఇక్కడ దారి మార్చు' అని పదోసారి రాసేవాడికి విసుగు, చదివేవాడికి ఉక్రోషం. ఆ చాకిరీ యంత్రానికి ఇచ్చేయాలన్న ఆలోచన పాతదే. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం మొదటి లింట్ రాసింది 1978లో. నువ్వు వాడే ఈఎస్‌లింట్‌ను నికొలస్ జకాస్ 2013లో మొదలుపెట్టినాడు. అది నీ ప్రోగ్రామును నడపదు. కోడును చదివి చెట్టులాగా విడదీసుకుంటుంది, ఇంపోర్ట్ అన్న కొమ్మ కాడ ఉన్న అక్షరాల వరసను నీ నియమంతో పోల్చి చూస్తుంది. అందులోనే 'నో రిస్ట్రిక్టెడ్ ఇంపోర్ట్స్' అన్న నియమం ఉంది. ఏ రకం దారులు వద్దో నమూనాలు ఇయ్యొచ్చు, ప్రతి నమూనాకూ ఒక సందేశం రాయొచ్చు. ఆ సందేశం ఖాళీగా వదలొద్దు పాపా. 'ఈ దారి నిషిద్ధం' అని కాకుండా, 'పాల సేకరణ బయటి నుంచి పిలిచేటప్పుడు ఈ దారి రాయండి' అని ఉదాహరణతో రాయి. రాత్రి తొమ్మిదింటికి పని ముగించుకుని పోబోయేవాడు దాన్ని చదువుతాడు. వాడికి అప్పుడు కావాల్సింది ఏం రాయాలో, అంతే.

పైథాన్ పక్క రఫ్ అనే లింటరులో దీనికి సాటి నియమం ఉంది, టీఐడీ252. పై ఫోల్డరుకు ఎక్కే దారులను మాత్రం ఆపమనొచ్చు, అన్నిటినీ ఆపమనొచ్చు. చాలావాటిని తనే సరిదిద్దుతుంది, కాకపోతే ఆ సరిదిద్దడాన్ని 'అన్‌సేఫ్' అనే లెక్కలో పెట్టింది కాబట్టి అడిగితేనే చేస్తుంది. ఈఎస్‌లింట్‌లో నేను చెప్పిన నియమానికి సరిదిద్దే గుణం లేదు, తప్పు చూపించి ఊరుకుంటుంది. మార్చే స్క్రిప్టు నువ్వే రాసుకోవాల.

ఇప్పుడు నువ్వు తప్పకుండా పడే గుంట చెప్తా. పూర్తి దారి అనగానే అందరూ టైప్‌స్క్రిప్ట్ కాన్ఫిగ్ తెరిచి 'పాత్స్' కింద @/ అని ఒక అలియాస్ పెడతారు. ఎడిటరు సంతోషిస్తుంది. కానీ టైప్‌స్క్రిప్ట్ ఆ అలియాస్‌ను టైపులు సరిచూసుకోవడానికి వాడుకుంటుందే తప్ప, బయటికి రాసే జావాస్క్రిప్ట్‌లో దాన్ని అసలు దారిగా మార్చదు. అక్కడ @/ అట్లనే ఉండిపోతుంది. బండ్లరుకు మళ్ళీ చెప్పాల. టెస్టులు నడిపే జెస్ట్‌కు మాడ్యూల్ నేమ్ మ్యాపర్‌లో చెప్పాల. లింటరుకు రిసాల్వరు తగిలించాల, లేకపోతే ఉన్న ఫైళ్ళను కూడా లేవంటుంది. ఒక్క మాట నాలుగు తావుల రాస్తే ఎప్పుడో ఒకటి తప్పుతుంది. నోడ్‌లో ఇప్పుడు ప్యాకేజ్.జేసన్‌లోనే 'ఇంపోర్ట్స్' అని ఒక భాగం ఉంది, # తో మొదలయ్యే దారులు అక్కడ రాస్తే నోడ్ తనే అర్థం చేసుకుంటుంది, కొత్త టైప్‌స్క్రిప్ట్‌కూ అర్థమవుతుంది. కొత్తగా పెట్టేటట్లయితే నేను దాన్నే పెడతా. చూసేదానికి # రోంత ఎబ్బెట్టుగా ఉంటుంది, వారంలో అలవాటవుతుంది.

ఇంకొక సంగతి, దీన్ని ఆ రివ్యూ చేసిన అన్న కూడా నీకు చెప్పి ఉండడు. ../../../ కనపడితే దాన్ని అందమైన దారితో మార్చేసి చేతులు దులుపుకోవద్దు. మూడు మెట్లెక్కి ఎవరింటి వంటగదిలోకి పోతా ఉందో చూడు. బిల్లుల కోడు పోయి పాల సేకరణ లోపలి ఫైలును పట్టుకుని ఉందనుకో, @/ పెట్టినంత మాత్రాన అది మంచిదైపోదు, చూపుకు మర్యాదగా మారుతుంది, అంతే. నిజానికి పొడుగు దారులు చేసే ఒకే ఒక్క మేలు, ఇట్లాంటి చొరబాట్లను కంట్లో పొడిచినట్టు చూపించడం.

ఇట్లాంటి చొరబాట్లు లేకుండా కట్టిన వ్యవస్థ ఒకటి చెప్తా. నువ్వు చదివిన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉన్న ఆర్జీయూకేటీకి తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినాయన, 1994లో ఫీగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు తీసుకున్నాయన అని నీకు తెలుసు. ఆయన పని ఏందో ఎప్పుడైనా చదివినావా? 1970లలో కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం కట్టిన హియర్‌సే-2 మాట వినే వ్యవస్థ. అందులో ధ్వనులు తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసినది ఒకటి, వాక్యం తెలిసినది ఇంకొకటి. వాటిలో ఏదీ ఇంకోదాన్ని నేరుగా పిలవదు. అన్నిటికీ మధ్యన ఒక నల్లబల్ల ఉంటుంది, ఎవరికి తోచిన ఊహ వాళ్ళు దాని మీద రాస్తారు, మిగతావాళ్ళు చూసి తమ పని తాము చేసుకుంటారు. ఒక భాగాన్ని పీకి కొత్తది పెట్టాలంటే మిగతావాటిని తాకే పని లేదు. అదే విశ్వవిద్యాలయం నుంచి 1972లో డేవిడ్ పార్నస్ రాసిన వ్యాసం కూడా ఇదే దగ్గర తిరుగుతుంది: రేపు మారబోయే నిర్ణయాలేవో చూసి, ఒక్కోదాన్ని ఒక్కో మాడ్యూల్ లోపల దాచమంటాడు. నిండా ఆరు పేజీలుంటుంది, ఈ ఆదివారం చదువు.

అందుకని దారి ఆకారం మీద నియమం పెట్టి ఆగిపోకు. ఎవరు ఎవరిని పిలవొచ్చో కూడా నియమం చేయి. ఈఎస్‌లింట్ ఇంపోర్ట్ ప్లగిన్‌లో 'నో రిస్ట్రిక్టెడ్ పాత్స్' అని ఉంది, ఈ ఫోల్డరు నుంచి ఆ ఫోల్డరుకు పోకూడదని రాయొచ్చు. పైథాన్‌కు ఇంపోర్ట్ లింటర్ అనే పనిముట్టు ఉంది, అందులో పై అంతస్తు, కింది అంతస్తు అని వరస చెప్తే, కింద ఉన్నది పైదాన్ని పిలిస్తే ఆపుతుంది. మధ్యలో ఇద్దరు ముగ్గురి చేతులు మారి పిలిచినా పట్టుకుంటుంది. నాకు ఈ రెండో రకం నియమం మీద ఉన్న మక్కువ మొదటిదాని మీద లేదు.

అమలు సంగతి క్లుప్తంగా చెప్తా, ఇది నీకే తోస్తుంది. వార్నింగుగా పెట్టొద్దు. వార్నింగులు ఎవడూ చదవడు. ఎర్రరుగానే పెట్టు. పాత కోడంతా ఒక్క కమిట్‌లో మార్చు, ఆ కమిట్‌లో ఇంపోర్ట్ వరసలు తప్ప కామా కూడా కదపొద్దు. ఆ కమిట్ నంబరును గిట్ బ్లేమ్ పట్టించుకోకుండా ఒక ఫైల్లో రాసిపెట్టే వీలుంది, 2019 నుంచి ఉంది, వాడుకో. లేదంటే ఏ వరస ఎవరు రాసినారని చూసినప్పుడల్లా నీ పేరే వస్తుంది, ఎవరో చేసిన బగ్గులకు నీకు ఫోన్లొస్తాయి. కోడు మరీ జాస్తిగా ఉండి ఒక్కసారిగా కాదంటే, ఇప్పటికే ఉన్న తప్పులను ఒక ఫైల్లోకి మూటకట్టి పక్కన పెట్టే సౌకర్యం ఈఎస్‌లింట్‌లో 2025లో వచ్చింది. కొత్త తప్పు చేస్తే పట్టుకుంటుంది, పాతవి తీరిక ఉన్నప్పుడు కరిగించుకోవచ్చు. నియమాన్ని ఒక వరసలో పక్కన పెట్టాల్సి వస్తే, డిసేబుల్ కామెంటులో రెండు గీతల తర్వాత కారణం రాయమను. కారణం లేనిదాన్ని రివ్యూలో ఒప్పుకోకు. కమిట్ ముందు నడిచే హుక్ మర్యాదకే, కావాలంటే ఎవరైనా దాటేసి పోతారు. అసలు గేటు సీఐలో ఉండాల.

లింటరుకు కనపడనివి ఉంటాయి, వాటి దగ్గర జాగ్రత్త. ఈఎస్‌లింట్ 'నో రిస్ట్రిక్టెడ్ ఇంపోర్ట్స్' నియమం మామూలు ఇంపోర్ట్‌లనే చూస్తుంది, నడిచేటప్పుడు వేరియబుల్ పెట్టి పిలిచే ఇంపోర్ట్ దానికి తెలియదు. పైథాన్ టెస్టుల్లో మాక్.ప్యాచ్‌కు ఇచ్చే దారి ఉత్త స్ట్రింగు. పాత పేరు ఇంకా దొరుకుతా ఉంటే, ప్యాచ్ పోయి ఆ రెండో నకలు మీద పడుతుంది, అసలుది అట్లనే నడుస్తుంది, ఎర్రరు మాత్రం రాదు.

వెనకాల పనులు నడిపేదానికి సెలరీ వాడుతున్నారా అని అడిగితే అవునన్నావు, అదే నా భయం. సెలరీ టాస్కుకు నువ్వు పేరు పెట్టకపోతే మాడ్యూల్ దారినే పేరుగా తీసుకుంటుంది. పంపేవాళ్ళు ఒక దారితో, చేసే వర్కరు ఇంకో దారితో ఇంపోర్ట్ చేసినా, లేదా నువ్వు దారి మార్చిన కొత్త కోడు ఎక్కించేటప్పటికి క్యూలో పాత పేరుతో పనులు మిగిలి ఉన్నా, వర్కరు 'ఈ టాస్కు నాకు తెలియదు' అని పక్కన పడేస్తుంది. కాబట్టి దారులు మార్చే ముందు ప్రతి టాస్కుకూ ఇప్పుడున్న పేరునే రాతపూర్వకంగా ఇచ్చెయ్. దాన్ని వేరే కమిట్‌గా పంపు, అది సర్వర్ల మీద ఎక్కిన తర్వాతే ఇంపోర్ట్‌లను ముట్టుకో. పికిల్ చేసి దాచినవి ఉంటే వాటిలోనూ పాత దారే ఉంటుంది. సెట్టింగ్సులో యాప్‌ల జాబితా, మైగ్రేషన్ ఫైళ్ళు, వీటిలో స్ట్రింగులుగా ఉన్న దారులను గ్రెప్ కొట్టి ఒకసారి కళ్ళతోనే చూడు.

బ్రాంచి తయారయ్యాక నియమాలున్న కాన్ఫిగ్ ఒక్కటీ పంపు, మీ కంపెనీ కోడు నాకొద్దు. చవితికి వస్తావు కదా, టికెట్టు ఇప్పుడే చేసుకో. కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు మొదలైతే చిత్తూరు బస్సుల్లో నిలబడేదానికి కూడా చోటుండదు.

ఇట్లు,
మీ చిన్నమ్మ